ఆ ఫొటో కింద మీరు రాయని పద్నాలుగేళ్లు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కింద మూలన ఒక ఫొటో వేశారు. కావలిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న ఆమె మా రాష్ట్ర స్థాయి వృత్తి సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారని, పలువురు అభినందించారని మూడు లైన్లు. శాలువా, బొకే, పక్కన నలుగురు. వేసినందుకు సంతోషమే. కానీ ఆ మూడు లైన్లు చదివిన వాళ్లెవరికైనా ఆమె ఒక రోజు నిలబడ్డారు, గెలిచారు, అంతే అనిపిస్తుంది. ఆ ఫొటో దాకా రావడానికి ఆమెకు పద్నాలుగేళ్లు పట్టింది. అందులో పదేళ్లు నేను దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నా. ఆమె పేరు మీరు ఇప్పటికే వేశారు, నేను మళ్లీ రాయడం లేదు, ఎందుకంటే నాకు ఆ పేరు కంటే ఆ దారి ముఖ్యం.

నేను ఒంగోలులో ఉంటాను, నాదీ ఇదే వృత్తి.

ఆమె తిరుపతిలో ఎంఏ సైకాలజీ చేసి కావలి వచ్చి, బస్టాండు వెనక ఒక మందుల షాపు మీద గది అద్దెకు తీసుకున్నారు. అప్పటికి మా వైపు సైకాలజిస్టు అంటే ఏం చేస్తారో చాలామందికి తెలియదు. ఇప్పటికీ పెద్దగా తెలియదు. నిద్ర మాత్రలు రాయమని వచ్చేవాళ్లు. ఎంబీబీఎస్ చదివి ఆ పైన మనసు జబ్బుల మీద ఎండీ చేసి మందులు రాసేవాళ్లు సైకియాట్రిస్టులని, తాము మాటతో, పరీక్షలతో, అలవాట్లు మార్చే పద్ధతులతో పనిచేసేవాళ్లమని ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పేవారు. వచ్చిన మనిషికి మందులు అవసరమనిపిస్తే వెంటనే నెల్లూరు పంపేవారు, తన దగ్గరే అట్టిపెట్టుకునేవారు కాదు.

బోర్డు రాసే అతను, "క్లినికల్ అని పెట్టమంటారా మేడం, అందరూ అట్టనే పెడతా ఉండారు" అని అడిగాడట. వద్దన్నారు. ఆ మాట వాడుకోవాలంటే ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ లాంటి గుర్తింపు ఉన్న కోర్సు చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకుని ఉండాలి. ఆ కౌన్సిల్ చట్టం 1992 నాటిది. అద్దె కట్టడానికి డబ్బు చాలని రోజుల్లో, ఎవరూ అడగని చోట, తనది కాని ఒక్క మాట బోర్డు మీద పెట్టనివ్వలేదు ఆమె. నాయకత్వం గురించి ఎవరేం చెప్పినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ బోర్డే.

తర్వాత సంఘంలో చేరారు. చేరిన ఏడాదికే, ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి, మా రెండు జిల్లాల సభ్యుల జాబితా సరిచేసే పని ఆమె మీద పడింది. పాత జిరాక్స్ కాగితాలు, చాలావరకు తప్పు అడ్రసులు, కొందరు చనిపోయారు, కొందరు హైదరాబాదు వెళ్లిపోయారు. ఆమె ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పేర్లు వరసగా రాసుకుని, ఆదివారం పూట ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పేరు ఎదురుగా మార్జిన్లో నీలం పెన్నుతో చిన్న చిన్న మాటలు ఉంటాయి. 'భర్తకు బదిలీ, విశాఖ.' 'ఇప్పుడు ఎల్ఐసీ చేస్తున్నారు.' 'చందా కట్టను, ఎందుకు కట్టాలి అన్నారు, నిజమే, జవాబు చెప్పాలి.' 'రెండుసార్లు తీయలేదు.' ఒక పేరు ఎదురుగా, 'ఒంటరిగా పని చేస్తోంది, మాట్లాడుతూ ఏడ్చింది, మళ్లీ చేయాలి' అని ఉంటుంది.

ఆ పేరు నాది. అప్పుడు నేను ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో కౌన్సెలర్ని. ఇంటర్ పిల్లలు, తెల్లవారుజామున మొదలుపెట్టి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, వారానికో ర్యాంకుల లిస్టు, అంతమంది పిల్లలకు నేనొక్కదాన్ని. ఆ వారంలోనే ఒక పిల్లాడిని హాస్టల్ మెట్ల మీద నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టి తెల్లారిందాకా వాడితో మాట్లాడాను. తెల్లారాక నా సంగతి వినడానికి మనిషి లేదు. ఇంట్లో చెప్పకూడదు, వృత్తి ధర్మం. మేనేజ్‌మెంటుకు చెబితే పిల్లాడిని టీసీ ఇచ్చి పంపేస్తారు. ఆ ఆదివారం చందా గురించి ఫోన్ చేసిన మనిషి గంటన్నర విన్నారు. చందా మాట మరచిపోయారో, కావాలని ఎత్తలేదో తెలియదు.

ఆ మరుసటి నెల నుంచి, నెల్లూరికీ ఒంగోలుకూ మధ్యలో ఉంది కదా అని, కావలిలో ఆ మందుల షాపు మీద గదిలో నెలకో ఆదివారం కలవడం మొదలుపెట్టాం. ముందు నలుగురం, తర్వాత తొమ్మిది మంది. ఎవరి దగ్గరికి వచ్చిన కష్టమైన కేసు వాళ్లు పేర్లు, ఊళ్లు మార్చి చెబుతారు, మిగతావాళ్లు వింటారు, ఎక్కడ తప్పు చేశామో మాట్లాడుకుంటాం. పెద్ద ఊళ్లలో దీన్ని సూపర్‌విజన్ అంటారు, డబ్బులిచ్చి తీసుకుంటారు. మాకు అది ఆ గదిలో, ఒక టేబుల్ ఫ్యాను కింద, చాపల మీద దొరికింది. జిల్లాల్లో పనిచేసే వాళ్లకు సంఘం అంటే మొదట ఇదే కావాలి, పత్రాలూ సదస్సులూ తర్వాత.

లెక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 నాటి మన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన ఏ సంఘమైనా ఏటా కార్యవర్గం పేర్లు రిజిస్ట్రారుకు ఇవ్వాలి, లెక్కలు చూపాలి. మా జిల్లా శాఖ కొన్నేళ్లు ఏదీ ఇవ్వలేదు. ఆమె కోశాధికారి అయ్యాక రసీదు పుస్తకాలు వెతికి, పాత బ్యాంకు పాసుబుక్కులు ముందేసుకుని, రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ ఒక ఎండాకాలం అంతా తిరిగి వాటిని దారిలో పెట్టారు. దానికెవరూ సన్మానం చేయలేదు.

ఇక అసలు సంగతి. ఆమె నైతిక నియమావళి కమిటీలో ఉన్నప్పుడు ఒక ఫిర్యాదు వచ్చింది. రొయ్యల గుంటల మీద పనిచేసే కుటుంబం, వాళ్లమ్మాయి ఒక కాలేజీలో చదువుతోంది, అక్కడి కౌన్సెలర్‌తో తన మనసులో మాట చెప్పుకుంది. అది ప్రిన్సిపాల్ దాకా పోయింది, అక్కడ నుంచి క్లాసు దాకా వచ్చింది. అమ్మాయి చదువు మానేసింది. తల్లి మా గదికి వచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. కుర్చీ వేసినా కూర్చోలేదు, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో కూతురి టెన్త్ మెమో, ఆధార్ కార్డు, కాలేజీ ఫీజు రసీదులు, ఏం చూపించాలో తెలియక అన్నీ తెచ్చుకుంది. "మా బిడ్డ చెప్పిన మాట మీ కాడ ఉంటాదనే కదా మేడం చెప్పింది, అది బయటికి ఎట్ట వచ్చింది?" అని అడిగింది. అరవలేదు. అడిగిన మాటనే మళ్లీ మళ్లీ అడిగింది.

కమిటీలో కొందరు, మనవాడే కదా, పిలిచి మందలిద్దాం, పేపర్ల దాకా ఎందుకు అన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత ఒక హక్కుగా రాసి ఉంది, చికిత్స ఇచ్చేవాళ్లు ఆ హక్కును కాపాడాలని ఉంది. మా నియమావళిలో కూడా అదే. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎంతవరకు, ఎవరికి చెప్పాలో వేరే సంగతి, ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఆమె ఒప్పుకోలేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా తీసుకోవాలి, ఆ కౌన్సెలర్‌కు నోటీసు ఇవ్వాలి, అతను చెప్పేదీ వినాలి, ప్రతిదీ మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి అన్నారు. మూడుసార్లు విచారణ జరిగింది, మూడుసార్లూ ఆ తల్లికి బస్సు చార్జీలు ఇప్పించి రప్పించారు, ఆమె చెప్పినది రాసి చదివి వినిపించి అప్పుడు వేలిముద్ర తీసుకున్నారు. చివరికి అతని సభ్యత్వం ఏడాది ఆపారు, మళ్లీ శిక్షణ తీసుకోమన్నారు. ఇంకెక్కడా చేయకుండా చూడగలిగే అధికారం మా సంఘానికి లేదు, ఆ మాటా ఆ తల్లికి దాచకుండా చెప్పారు.

ఆ పై ఎన్నికల్లో ఆమె రాష్ట్ర కార్యదర్శి పదవికి నిలబడి ఓడిపోయారు. మనవాళ్ల మీదకే పోతుంది అని ప్రచారం జరిగింది. ఓడిన మర్నాటి ఆదివారం ఎప్పటిలాగే కావలి గదిలో చాపలు పరిచారు. అందుకే ఈసారి గెలిచినప్పుడు, ఆనాడు ఆమెకు ఓటు వెయ్యని వాళ్లలో కొందరు స్వయంగా ఫోన్ చేసి, ఈసారి మీకే వేశాం, నాకొక సమస్య వస్తే మీరు దాన్ని తొక్కిపెట్టరని నమ్మకం అన్నారు.

మా ప్రాంతానికి ఇలాంటిది కొత్త కాదు. ఇదే నెల్లూరు జిల్లాలో దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు, రోశమ్మ లాంటి వాళ్లు, అక్కడ కూర్చుని మాట్లాడుకున్న మాటల్లోంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లెవరూ నాయకులవుదామని పలకా బలపం పట్టుకోలేదు. కలిసి కూర్చునే చోటు ఒకటి దొరికింది, దాన్ని వదల్లేదు. తాగుడు మాన్పించమని భర్తల్ని తీసుకుని ఈనాటికీ మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి బడి గుర్తుకొస్తుంది.

ఈసారి ఎన్నికల ముందు ఒక అభ్యంతరం గట్టిగా వినిపించింది. ఆమె క్లినికల్ కాదు, కౌన్సెలింగ్ మాత్రమే, పెద్ద డిగ్రీలు లేవు, ఆమె మా అందరికీ అధ్యక్షురాలు ఎలా అవుతుంది అని. వైద్యం చేసేటప్పుడు ఎవరి అర్హత ఎంతో అంతవరకే ఉండాలి, ఆ విషయంలో నేను ఎవరికంటే ఎక్కువ పట్టుదలగా ఉంటాను. సంఘాన్ని నడిపే అర్హత వేరు. అమెరికాలో మేరీ విటన్ కాల్కిన్స్ అనే ఆవిడ 1890లలో హార్వర్డులో పీహెచ్‌డీకి కావలసిన చదువంతా చదివారు, అక్కడి ప్రొఫెసర్లే ఆమెను పరీక్షించి అర్హురాలని తేల్చారు, ఆడమనిషి కాబట్టి విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వలేదు. ఆ డిగ్రీ లేకుండానే ఆమె 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలయ్యారు, ఆ పదవిలో మొదటి మహిళ ఆమే. సంఘం 1892లో పుట్టింది, అంటే పదమూడేళ్లకే తోటివాళ్లు ఆమె చేసిన పనిని చూసి ఎన్నుకున్నారు.

ఆ సంఘంలోనే ఇంకో పద్ధతి ఉంది, మాకు అది కావాలని నేను ఆమెతోనూ అన్నాను. ఎన్నికైన మనిషి వెంటనే కుర్చీలో కూర్చోరు. మొదటి ఏడాది కాబోయే అధ్యక్షులుగా పక్కనే ఉండి పని చూస్తారు, రెండో ఏడాది అధ్యక్షులు, మూడో ఏడాది మాజీగా ఉండి తర్వాతి వాళ్లకు చేయందిస్తారు. మన దేశంలో 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ 1953లో చనిపోయేదాకా దానికి ఆయనే అధ్యక్షులు. ఆయన గొప్పవాడు, కాదనను. కానీ ముప్పై ఏళ్లు ఒకే మనిషి ఉంటే తర్వాతి వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు? మన సంఘాల్లో చాలావాటికి ఇప్పటికీ ఇదే జబ్బు. ఆమె రెండేళ్ల తర్వాత దిగిపోతానని నామినేషన్ రోజే రాసిచ్చారు. మీరు ఫొటో కింద వేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

మీ పాఠకులు అడగొచ్చు, ఎవరో సైకాలజిస్టుల సంఘానికి ఎవరు అధ్యక్షులైతే మాకేంటి అని. నేను చెబుతాను. 2017 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలో మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఉండాలి, దానిలో ఒక క్లినికల్ సైకాలజిస్టు కూడా సభ్యులుగా ఉండాలి. ఆ ఒక్కరికి ఒంగోలు హాస్టల్లో ఏం జరుగుతోందో, పొగాకు ధర పడిపోయిన ఏడాది కొండపి వైపు ఇళ్లలో ఎలా ఉంటుందో ఎవరు చెప్పాలి? సంఘం చెప్పాలి. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, క్లినికల్ కాని సైకాలజిస్టులు, కౌన్సెలర్లు దాని కిందికి వస్తారు. ఎవరిని నమోదు చేయాలి, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టిన వాళ్లను ఏం చేయాలి, ఇరవై ఏళ్లుగా నిజాయితీగా పనిచేస్తున్న వాళ్లను ఎలా కలుపుకోవాలి, ఇవన్నీ తేలాల్సినవి. తేల్చే చోట మాట్లాడే మనిషి ఎలాంటి వారో మీ బిడ్డకు సంబంధించిన విషయమే.

ఇంకొకటి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు, పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదని తేల్చారు. ఆ సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. మేం ఎక్కడ మాట్లాడినా పక్క రాష్ట్రాల అంకెలు పట్టుకునే మాట్లాడతాం. మన రాష్ట్రాన్నీ లెక్కించండి అని అధికారికంగా, మళ్లీ మళ్లీ అడగాల్సింది ఎవరు?

ఇక సంఘాల తప్పు కూడా ఒకటి చెప్పాలి, మాది కూడా. సమావేశాలన్నీ విజయవాడలో లేకపోతే విశాఖలో. కావలి, మార్కాపురం, ఆత్మకూరు నుంచి వచ్చే వాళ్లు రాత్రి ఒక రైలు, పగలు ఒక బస్సు పట్టుకుని రావాలి. చిన్న పిల్లలున్న ఆడవాళ్లు రాలేరు, రాకపోతే ఓటు లేదు. వచ్చిన ఆడవాళ్లను రిసెప్షన్ కమిటీలో వేస్తారు, పూలూ బ్యాడ్జీలూ పంచే పని. నన్నూ ఒకసారి అలాగే ఒక సదస్సులో రోజంతా తలుపు దగ్గర నిలబెట్టారు, లోపల నేను చదవాల్సిన పేపరు ఉండగా. ఆ రోజు నా పేపరు వేరే ఆయన చదివారు. బాధ ఇంకా పోలేదు. ఇంటి నుంచే ఓటు వేసే వీలు, కనీసం ఏడాదికొకసారి చిన్న ఊళ్లో సర్వసభ్య సమావేశం, పిల్లల్ని చూసుకునేందుకు ఒక గది, ఈ మూడూ పెట్టించగలిగితే వచ్చే పదేళ్లలో ఇలాంటి ఫొటోలు మీకు గిద్దలూరు నుంచీ వస్తాయి.

కొత్తగా ఎంఏ చేసి వచ్చే పిల్లలకు ఒక మాట. చందా కడితే ఏమొస్తుంది అని అడుగుతున్నారు, నేనూ అడిగాను. మీకొచ్చిన మొదటి కష్టమైన కేసు రోజు రాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో ముందుగానే తెలిసి ఉండటం, అది వస్తుంది. జాబితా సరిచేయమంటే చేయండి. మినిట్స్ రాయమంటే రాయండి, నీట్‌గా రాయండి, రేపు ఒక తల్లి కవరు పట్టుకుని వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం.

సంపాదకులకు నా విన్నపం ఇదీ. ఆమె అధ్యక్షురాలైన ఏడాది పూర్తయ్యే రోజున మీ విలేకరిని కావలి పంపండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు అని అడగమనండి. లెక్కలు చూపించమనండి, చూపిస్తారు. జిల్లాల్లో ఎన్ని సమావేశాలు పెట్టారో అడగమనండి. ఏది చేయలేకపోతే అదీ వేయండి, ఆమె ఏమీ అనుకోరు. పేజీలో కాస్త చోటుంటే, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో మాట్లాడి సాయం అడిగేందుకు ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 కూడా పెద్ద అక్షరాల్లో వేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్ మెట్ల మీద కూర్చున్న ఏ పిల్లాడి కంటనైనా పడొచ్చు.

ఇట్లు,
ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్టు,
ఒంగోలు.